మట్టి మార్చారు, నీళ్లు మార్చలేదు: దొడ్డబళ్లాపుర దగ్గర ఒక క్యాప్సికం షెడ్డు

బెంగళూరు దగ్గరి దొడ్డబళ్లాపుర దాటి ఘాటి సుబ్రహ్మణ్య వైపు వెళ్లే దారిలో, రోడ్డు మీంచి అర కిలోమీటరు లోపలికి పోతే 20 గుంటల (అర ఎకరం) పాలీహౌస్, అంటే ప్లాస్టిక్ కప్పు షెడ్డు, ఒకటి ఉంది. హిందూపురం నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డ దంపతులది. యలహంకలో చాలా ఏళ్లు షాపు నడిపి, పిల్లల చదువులు ఒక దారికొచ్చాక మళ్లీ సేద్యంలోకి దిగారు. ఆయన్ని నేను అన్నా అంటాను, ఆవిడని వదినా అంటాను. పేర్లు రాయను. బెంగళూరు చుట్టుపక్కల పాలీహౌస్ రైతులకు ఎరువు నీళ్లు, వేరు ఆరోగ్యం చూసిపెట్టడం నా పని. ఈ షెడ్డులో రెండు పంటలు దగ్గరుండి చూశాను. మొదటిది సగానికి పైగా పోయింది. రెండో పంటలో మూడు రకాల వేరుపట్టు (మొక్క వేరూనే పదార్థం) పక్కపక్కనే పెట్టి, రాసుకుంటూ పండించాం. మట్టి వదిలి కొబ్బరి పొట్టులోకి వెళ్దామని అడిగే రైతులు నాకు నెలకు ఇద్దరైనా తగులుతున్నారు, వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఈ షెడ్డులో మొదట మూడేళ్లు ఎర్రమట్టి బెడ్ల మీదే రంగు క్యాప్సికం పండింది. మొదటి రెండు పంటలు బ్రహ్మాండంగా వచ్చాయి. మూడో పంటలో మొక్కలు మధ్యాహ్నం వాడి, సాయంత్రానికి తేరుకోవడం మొదలుపెట్టాయి. నీళ్లు చాలలేదనుకుని నీళ్లు పెంచారు. చివరికి ఒక మొక్కను పెరికి చూస్తే వేరు నిండా ఉలవగింజంత బుడిపెలు, అల్లం కొమ్ములా ఒకదానిమీద ఒకటి. వేరు బుడిపె నులిపురుగు. పాలీహౌస్ దానికి అత్తారిల్లు లాంటిది. మట్టి ఎప్పుడూ వెచ్చగా, తడిగా ఉంటుంది, ఏడాదికి పది నెలలు తినడానికి క్యాప్సికమో, టమాటానో, కీరానో ఉంటుంది, ఎండాకాలం దుక్కి అనేదే ఉండదు. వెచ్చటి మట్టిలో నెల రోజుల్లోపే ఒక తరం పూర్తవుతుంది, ఒక్కో ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది. మూడో పంటకల్లా అది ఇల్లు కట్టుకుని కూర్చోవడంలో వింత లేదు.

మట్టిని వదిలేయమని ఎవరో సలహా ఇచ్చారు. ఆ సలహా తప్పు కాదు. ఒక సరఫరాదారు మనుషులు వచ్చి, పరుపులా పొడుగ్గా ఉండే కోకోపీట్ (కొబ్బరి పొట్టు) బ్యాగులు పరిచి, ఒక్కో బ్యాగుకు మూడు మొక్కలు చొప్పున నాటి, రెండు రోజుల్లో పని ముగించి వెళ్లిపోయారు. చివర్లో ఒక్క బే (షెడ్డులో ఒక భాగం) మాత్రం డబ్బు చాలక పాత మట్టి బెడ్లతోనే ఖాళీగా వదిలారు. ఆ ఖాళీ బే తర్వాత మాకు ఎంత పనికొచ్చిందో చెబుతాను. నాటింది 2023 జనవరిలో. మార్చి రెండో వారంలో అన్న నాకు ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, మట్టిలో పురుగుందని బ్యాగుల్లోకొస్తే ఇక్కడ కాయలే కుళ్తా ఉండాయప్పా."

ఫొటోలు పంపించాడు. కాయ అడుగు భాగాన, కొంచెం పక్కగా, గోధుమరంగు పలచటి మచ్చ, లోపలికి నొక్కుకుపోయినట్టు. ఎండదెబ్బలా కనిపిస్తుంది కానీ ఆకు నీడలో ఉన్న కాయలకు కూడా ఉంది. కాయ అడుగు కుళ్లు, అంటే కాయకు కాల్షియం అందకపోవడం. ఇక్కడ నేను ఒక తప్పు చేశాను. చూడకుండా, ఫోన్లోనే, కాల్షియం ఆకుల మీద పిచికారీ చేయమన్నాను. వారం తర్వాత కూడా కొత్త కాయలు అలాగే వస్తున్నాయి. కాల్షియం మొక్కలో నీటి వెంట పైకి పోతుంది. ఆకులు నీటిని ఎక్కువ ఆవిరి చేస్తాయి కాబట్టి కాల్షియమంతా వాటికే చేరుతుంది, కాయకు మిగిలేది తక్కువ. ఒకసారి ఆకులో చేరిన కాల్షియం మళ్లీ కాయలోకి దిగదు. ఆకు మీద కొట్టిన మందు కాయకు చేరదని నాకు తెలిసి కూడా, రైతు కంగారు చూసి ఏదో ఒకటి చెప్పాను. వారం రోజుల కాత పోయింది. అప్పటినుంచి వేరు చూడకుండా కాయకు మందు చెప్పడం మానేశాను.

షెడ్డులో ఒక పూట

మార్చి చివర్లో పొద్దున్నే ఏడింటికి వెళ్లాను. ముందు చేసిన పని ఏ బ్యాగునూ కొయ్యకుండా, అరచేత్తో ఒక చివర నొక్కడం. వేళ్ల మధ్య నీళ్లు ఉబికాయి. అన్నని అడిగితే, రోజుకు రెండు పూటలు నీళ్లిస్తున్నానన్నాడు. పొద్దున ఆరింటికి అరగంట, సాయంత్రం ఐదింటికి అరగంట. మట్టి బెడ్లకు పదేళ్లుగా అందరూ ఇచ్చే పద్ధతే. గంటకు 2 లీటర్ల డ్రిప్పర్లు, అంటే పూటకు మొక్కకు లీటరు.

బ్యాగు పక్క చూస్తే నీళ్లు పోవడానికి కోసిన చీలికలు అడుగున లేవు. రెండంగుళాల పైన ఉన్నాయి. బిగించిన మనుషులు వరుసగా అన్ని బ్యాగులకూ అలాగే కోశారు. అంటే ప్రతి బ్యాగు అడుగునా రెండంగుళాల ఎత్తు చెరువు ఉన్నట్టే. ఒక బ్యాగు ప్లాస్టిక్‌ను నిలువునా చీల్చి తెరిచాం. పైన నాలుగు వేళ్ల మేర తెల్లటి వేళ్లు, అడుగున బెల్లపు రంగు వేళ్లు. అడుగు వేరును రెండు వేళ్లతో పట్టి లాగితే పైతోలు ఊడి చేతిలోకొచ్చి, లోపల దారం లాంటి నార మిగిలింది. వాసన చూశాను. మురుక్కాలవ వాసన. వేరుకు గాలి అందక ఊపిరాడలేదు, ఆ బలహీనత మీద కుళ్లు తెగులు ఎక్కింది.

వదిన అడిగింది: "అంత తడి ఉంటే కాయకు నీళ్లందక కుళ్లడమేందప్పా?"

మంచి ప్రశ్న. వేరు నీటిని తోడుకోవాలంటే ఊపిరి కావాలి. రాత్రంతా నీటిలో మునిగిన వేరు మర్నాడు ఎండకు పనిచేయలేదు. పైన ఉన్న కొద్దిపాటి మంచి వేరు పొద్దున్నిచ్చిన నీళ్లతో పదకొండింటిదాకా నెట్టుకొస్తుంది. మిట్టమధ్యాహ్నం షెడ్డులో ఎండ మండేటప్పుడు, మొక్క ఎక్కువ నీరు అడిగే సమయంలో, పైపొర ఎండిపోయి ఉంది, కింది వేరు కుళ్లి ఉంది. పక్కనే నీళ్లున్నా మొక్కకు దాహమే.

దీన్ని చూపించడానికి వంటింట్లోంచి గిన్నెలు తోమే కొత్త స్పాంజి ఒకటి తెమ్మన్నాను. బాగా తడిపి, అరచేతిలో పడుకోబెట్టి పట్టుకుంటే కాసేపు కారి ఆగింది. పిండలేదు, నొక్కలేదు, మెల్లగా నిలువుగా తిప్పాను. మళ్లీ జలజలా నీళ్లు కారాయి. స్పాంజి అదే, నీళ్లు అవే, ఎత్తు ఒక్కటే మారింది. ఏ వేరుపట్టులోనైనా అడుగున కొంత మందాన నీరు వేలాడుతూ ఆగిపోతుంది, అది ఎంత మందమన్నది ఆ పదార్థం మెత్తదనాన్ని బట్టి ఉంటుంది. బ్యాగు ఎత్తు తక్కువైతే ఆ తడిపొరే బ్యాగులో ఎక్కువ భాగం ఆక్రమిస్తుంది. ఎత్తయిన బ్యాగులో అదే తడిపొర అడుగున ఒక మూలకు పోతుంది. ఎత్తు తక్కువున్న పరుపు బ్యాగులు వాడకూడదని కాదు. ముతక పొట్టు వేసి, చీలికలు సరిగ్గా అడుగున కోసి, కొద్దికొద్దిగా పలుమార్లు నీళ్లిస్తే వాటిలోనూ బంగారంలాంటి పంట వస్తుంది. ఇక్కడ ఆ మూడూ లేవు. పొట్టు కూడా పిండిలా మెత్తగా ఉంది.

నీళ్ల సంగతి ఇలా ఉంటే, ఉప్పు సంగతి ఇంకోటి. ఒక గ్లాసు పొట్టుకు గ్లాసున్నర డిస్టిల్డ్ వాటర్ కలిపి, అరగంట నానబెట్టి, వడగట్టి ఈసీ (నీటిలో కరిగిన ఉప్పు ఎంతో చూపే కొలత) చూశాను. 2.8 వచ్చింది. కడిగిన మంచి పొట్టు ఎరువు వేయకముందు 1 కంటే తక్కువలో ఉండాలి. ఆ ఉప్పులో కొంత రెండు నెలలుగా పోసిన ఎరువుది కావచ్చని, వాడకుండా మిగిలిన ఒక దిమ్మను మూలలోంచి తెచ్చి దానికీ పరీక్ష చేశాం. అది ఇంకా ఎక్కువ చూపింది. ఆ పొట్టును అసలు కడగనే లేదు.

కొబ్బరి పీచులో సహజంగానే పొటాషియం, సోడియం ఎక్కువ. ఉప్పునీటిలో నానబెట్టిన పీచు నుంచి వచ్చిన పొట్టయితే చెప్పక్కర్లేదు. ఈ ఉప్పులో కొంత నీళ్లతో కడిగితే పోతుంది, కొంత పొట్టు రేణువులకు అతుక్కుని ఉంటుంది. అతుక్కున్నది ఉత్త నీళ్లకు వదలదు. మనం పోసే ఎరువులోని కాల్షియం, మెగ్నీషియం వచ్చినప్పుడు పొట్టు వాటిని తను పట్టుకుని, పొటాషియం, సోడియంలను నీటిలోకి వదులుతుంది. రైతు కాల్షియం నైట్రేట్ పోస్తూనే ఉంటాడు, పొట్టు తాగేస్తూనే ఉంటుంది. పైగా వదిలిన పొటాషియం, సోడియం వేరు దగ్గర కాల్షియానికి పోటీకొస్తాయి. అన్న ఎరువు డబ్బాలో లోపం లేదు. మధ్యలో పొట్టు దారి కాసింది.

ఇక బోరు నీళ్లు. ఈ ప్రాంతంలో లోతు బోర్ల నీళ్లు చాలావరకు గట్టివి. ఇక్కడ పీహెచ్ 8.1, ఈసీ 1.0, బైకార్బొనేట్ లీటరుకు 300 మిల్లీగ్రాములు. మట్టి బెడ్లలో ఇదే నీళ్లు మూడేళ్లు పోసినా పెద్దగా తెలియలేదు. పశువుల ఎరువు నిండిన మట్టికి ఒక ఓర్పు ఉంటుంది, బెడ్డంటే మొక్కకు అంత లోతు, అంత వెడల్పు. బ్యాగులో మొక్కకు దక్కేది ఆరేడు లీటర్ల పొట్టు. అక్కడ బైకార్బొనేట్ రోజురోజుకూ పేరుకుని పీహెచ్ పైకి పోతుంది, ఇనుము కరగకుండా పోతుంది. కొత్త చిగురు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉండటానికి కారణం అదే. దానికి అన్న నెలగా యూరియా ఇస్తున్నాడు, పాపం, ఆకు పచ్చబడుతుందని.

చేతిలో ఉన్న పంటకు చేసింది ఇంతే. అన్ని బ్యాగులకూ చీలికలు అడుగు దాకా దించి కోశాం. ట్యాంకులో నైట్రిక్ యాసిడ్ కలిపి నీటి పీహెచ్ 5.8కి తెచ్చాం. యాసిడ్ కలిపేటప్పుడు ఎప్పుడూ నీటిలోకి యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు. కళ్లద్దాలు, గ్లౌజులు లేకుండా ఆ క్యాన్ మూత తీయొద్దని అక్కడ పనిచేసే ఇద్దరితో ఒట్టు వేయించుకున్నాను. యూరియా ఆపించాను. మూడు రోజులు పలచటి కాల్షియం నైట్రేట్ నీళ్లతో బ్యాగుల్ని బాగా కడిగాం. సాయంత్రం నీళ్లు పూర్తిగా మాన్పించి, సూర్యోదయమైన రెండు గంటలకు మొదలుపెట్టి, అస్తమయానికి రెండు మూడు గంటల ముందే ఆపేలా, విడతకు 150 మిల్లీలీటర్ల లెక్కన రోజుకు పది పన్నెండు విడతలు చేశాం. రెండు లీటర్ల డ్రిప్పర్‌కు అది నాలుగున్నర నిమిషాలు. ఇరవై రోజుల్లో కొత్త తెల్లవేళ్లు కనిపించాయి, కొత్త పిందెల్లో కుళ్లు తగ్గింది. కానీ కుళ్లిన వేరు కుళ్లిందే. ఆ పంట మే దాకా ఏదో ఇచ్చింది. జూన్ మొదట్లో తీసేశాం.

మూడు వేరుపట్లు, ఒకే నారు

అన్నకు కొబ్బరి పొట్టంటేనే మనసు విరిగింది. మళ్లీ మట్టికే పోతానన్నాడు. వద్దనలేదు. ఖాళీగా ఉన్న ఆ ఒక్క మట్టి బే గుర్తొచ్చి, "అన్నా, ఒక్క పంట మూడూ పక్కపక్కన పెట్టి చూద్దాం, తర్వాత నీ ఇష్టం" అన్నాను. ఒకే నర్సరీ, ఒకే రకం ఎర్ర క్యాప్సికం, ఒకే రోజు నాటు, జూలై చివరి వారంలో.

మట్టి బేను ఏప్రిల్, మే ఎండల్లోనే సిద్ధం చేశాం. బెడ్లు తడిపి, పారదర్శక పాలిథిన్ షీటు అంచులు మట్టితో కప్పి, ఆరు వారాలు వదిలేశాం. ఆ తర్వాత పశువుల ఎరువు, వేపపిండి వేశాం. హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్ ఎన్నో ఏళ్లుగా చెబుతున్న పద్ధతిలో, నులిపురుగు గుడ్లను తినే శిలీంద్రాన్నీ, తెగుళ్లను అణిచే ట్రైకోడెర్మా శిలీంద్రాన్నీ వేపపిండిలో కలిపి, తడిపి, నీడలో రెండు వారాలు పెంచి వేశాం.

రెండో బేకు కోకోపీట్ ఒక్కటే. ఈసారి ముతక రకం, నిలువు బ్యాగుల్లో, బ్యాగుకు 12 లీటర్లు, ఒక మొక్క. మూడో బేకు అదే కోకోపీట్ మూడు పాళ్లు, పర్లైట్ (తేలికపాటి తెల్లటి గుల్ల రాయి గుళికలు) ఒక పాలు.

పొట్టు కడగడం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అందరూ ఎగ్గొట్టేది ఇదే. ఐదు కిలోల దిమ్మ నీళ్లు పీల్చుకుంటే దాదాపు 70 లీటర్ల పొట్టవుతుంది. ముందు ఉత్త నీళ్లతో కడిగాం. కడిగిన నీళ్లు కాఫీ డికాషన్ రంగులో పోయాయి. తర్వాత దిమ్మకు 100 గ్రాముల లెక్కన కాల్షియం నైట్రేట్ కలిపిన నీటిలో ఒక రాత్రీ ఒక పగలూ నానబెట్టి, మళ్లీ కడిగాం. మొదటిసారి కడిగాక ఈసీ బాగా దిగి అన్న సంతోషపడ్డాడు. కాల్షియంలో నానబెట్టి తీసిన నీళ్లలో ఈసీ మళ్లీ పైకి లేచేసరికి ముఖం మాడింది. కాల్షియం నైట్రేట్ కూడా ఉప్పే కాబట్టి కొంత దానిది. మిగతాది పొట్టుకు అతుక్కున్న సోడియం, పొటాషియం వదిలి బయటికొస్తున్నది. చివరి కడుగుడు తర్వాత 0.6 దగ్గర నిలిచింది. కడగడానికి బోరు నీళ్లు వాడలేదు. జూన్ వానలకు షెడ్డు కప్పు మీద పడ్డ నీటిని గొట్టాలతో చెరువులోకి దించాం. 20 గుంటల కప్పంటే సుమారు 2,000 చదరపు మీటర్లు. 10 మిల్లీమీటర్ల వాన పడితే 20,000 లీటర్లు, ఉప్పు లేని నీళ్లు, ఊరికే. పాలీహౌస్ వేసి ఈ నీటిని కాలవలోకి వదిలేసే రైతుల్ని చూస్తే నాకు బాధేస్తుంది.

నాటే ముందు గాలి కొలిచాం. దీనికి ల్యాబు అక్కర్లేదు. బ్యాగు చిల్లులు టేపుతో మూసి, పొట్టు నింపి, పైదాకా నీళ్లు నిండేలా మెల్లగా పోసి, టేపు తీసి, కింద బకెట్‌లో కారిన నీటిని కొలవాలి. కారిపోయిన నీటి చోటులోకి వచ్చింది గాలే. 12 లీటర్ల బ్యాగులో ఉత్త కోకోపీట్ నుంచి 1.7 లీటర్లు కారింది, అంటే 14 శాతం గాలి. పర్లైట్ కలిపినదాన్నుంచి 2.6 లీటర్లు, దాదాపు 22 శాతం. పాత పరుపు బ్యాగుల్లోని మెత్తటి పొట్టును అలాగే నింపి చూస్తే లీటరు కూడా రాలేదు. అన్న ఆ బకెట్‌ను చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.

వదిన నాలుగో రకం అడిగింది. ఇంట్లో వర్మీకంపోస్ట్ ఉంది, రైస్ మిల్లు నుంచి కాల్చిన ఊక తెప్పించొచ్చు, పర్లైట్ బస్తాలకు అంత డబ్బెందుకని. న్యాయమైన మాట. ఇరవై బ్యాగులు ఆవిడ పేరున పెట్టాం: కోకోపీట్, వర్మీకంపోస్ట్, కడిగిన ఊక బొగ్గు. కాల్చిన ఊక క్షార గుణం కలది, కడగకుండా వాడితే పీహెచ్ లేస్తుంది.

ఏం జరిగింది

మొదటి రెండు నెలలు వదిన బ్యాగులే ముందు. ఆకు వెడల్పు, కాండం లావు, పచ్చదనం అన్నిట్లో మిగతా మూడింటినీ దాటేశాయి. మట్టి బే అందరికంటే వెనకబడింది. ఆగస్టు, సెప్టెంబరులో రోజుల తరబడి మబ్బు పట్టి మొక్కలు నీళ్లు తాగడం తగ్గింది. తేడా బయటపడింది అప్పుడే. ఉత్త కోకోపీట్ బ్యాగుల్లో విడతలు నాలుగుకు తగ్గించినా అడుగు పొర ఆరలేదు. కొన్ని మొక్కల కింది ఆకులు పసుపెక్కాయి, పూత రాలింది. పర్లైట్ బేలో పూత నిలిచింది. నాలుగో నెలకొచ్చేసరికి వదిన బ్యాగులు కుంగాయి. వర్మీకంపోస్ట్ మెత్తటి రేణువులు పొట్టు సందుల్లోకి దిగి గాలి దారులు మూసేశాయి. పాళ్లు తగ్గించి, నారు ట్రేలకూ రెండు మూడు నెలల ఆకుకూరలకూ వాడితే ఆ మిశ్రమం చాలా మంచిది. పది నెలలు నిలబడాల్సిన పంటకు ఆ మెత్తదనం సరిపోదు.

ఎండాకాలంలో లెక్క తిరగబడింది. మార్చిలో పర్లైట్ బ్యాగులు మధ్యాహ్నానికి తేలికైపోయేవి. వాటికి విడత చిన్నది చేసి, రోజుకు పదహారు సార్లిచ్చాం. ఒకరోజు పొద్దున కరెంటు పోయి మధ్యాహ్నం మూడుకు వచ్చింది. పర్లైట్ బేలో మొక్కలు పన్నెండున్నరకే తలలు వేలాడేశాయి. ఉత్త కోకోపీట్ రెండింటిదాకా ఓర్చింది. మట్టి బేలో కరెంటు పోయినట్టే తెలియలేదు. ఆ వారం తర్వాత పర్లైట్ బేలో కొన్ని కాయలకు మళ్లీ అడుగు కుళ్లు కనిపించింది. పంపు ఆగినా ఒక పూట నీళ్లందేలా ఎత్తులో ట్యాంకు కట్టించాం. మన ఊళ్ల కరెంటు తెలిసీ ట్యాంకు లేకుండా గాలి ఎక్కువున్న మిశ్రమం పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

బ్యాగుల అడుగు నుంచి కారే డ్రెయిన్ నీటిని రోజూ కొలిచాం. ఒక్కో బేలో రెండు బ్యాగుల కింద ట్రేలు పెట్టి, పోసిన దానిలో 20 నుంచి 30 శాతం కారేలా చూశాం. కారిన నీటి ఈసీ, పోసిన నీటి ఈసీ కంటే బాగా పైకి పోతే ఉప్పు పేరుకుంటున్నట్టు. ఆ నోట్‌బుక్కు వదిన రాసేది. ఒక్కరోజు కూడా ఖాళీ లేదు. నా సలహాల కన్నా ఆ నోట్‌బుక్కే ఆ పంటను నిలబెట్టిందని నా నమ్మకం.

దిగుబడి ఒక్క షెడ్డు, ఒక్క పంట లెక్క కాబట్టి అంతవరకే తీసుకోండి. మొక్కకు సగటున పర్లైట్ మిశ్రమంలో 3.4 కిలోలు, ఉత్త కోకోపీట్‌లో 3.1, మట్టిలో 2.6 కోశాం. మట్టి జనవరి దాకా దీటుగానే వచ్చింది. ఫిబ్రవరి నుంచి తలుపు పక్క వరుసల్లో మళ్లీ బుడిపెలు కనిపించాయి, కాళ్లకంటిన మట్టితోనే వచ్చి ఉండాలి. ఎండబెట్టిన ఫలితం పైపొరలో బాగుంటుంది, లోతుల్లో దాక్కున్నవి నెమ్మదిగా పైకొస్తాయి.

నాణ్యత దగ్గర నేను అనుకున్నదొకటి, జరిగింది ఒకటి. డిసెంబరు కోతలో ఒకే రోజు, ఒకే ఎరుపు తిరిగిన కాయలు బేకు పదేసి ఏరి, ఇంటి వరండాలో చెక్క పలక మీద వరసగా పేర్చాం. వంటింటి త్రాసు మీద రోజూ తూచాం. రెండు కాయలు అడ్డంగా కోసి కండ మందం వెర్నియర్‌తో కొలిచాం. బరువులో, ఆకారంలో, నాలుగు బుగ్గలు సరిగ్గా తేలడంలో పర్లైట్ కాయలే మేలు. కండ మందంలో మట్టి కాయలూ వాటితో సమానం. నిల్వలో మట్టి కాయలే ముందున్నాయి. తొమ్మిదో రోజు ఉత్త కోకోపీట్ కాయల భుజాలు ముడతలు పడ్డాయి, మట్టి కాయల తొడిమ ఇంకా పచ్చగా ఉంది. రిఫ్రాక్టోమీటర్ మీద తీపి కూడా మట్టి కాయల్లో కొంచెం ఎక్కువ.

మట్టిలో మహిమ ఉందనీ, బ్యాగులో రసాయనం ఉందనీ దీనికి అర్థం కాదు. మట్టి బేలో మొక్కకు నీరు కొంచెం కష్టపడి దొరుకుతుంది, కాయలు తక్కువ, ఉన్న కాయలకు చక్కెర ఎక్కువ దక్కుతుంది. వేరు దగ్గర ఉప్పు కాస్త పెరిగితే కాయలోకి నీరు తగ్గి, సైజు తగ్గి, రుచి చిక్కబడుతుందని టమాటా పండించేవాళ్లందరికీ తెలుసు. అదే సూత్రం. జనవరిలో పర్లైట్ బేకు ఎరువు నీటి ఈసీ 2.2 నుంచి 2.6కు పెంచి చూశాం. తర్వాతి కోతల్లో కాయ కొంచెం చిన్నదైంది, తీపి మట్టి కాయకు దగ్గరకొచ్చింది, వరండా మీద రెండు రోజులు ఎక్కువ నిలిచింది. అయితే అదే ఈసీ ఎండల్లోకి తీసుకుపోతే కాయ అడుగు కుళ్లు తెచ్చుకున్నట్టే. ఫిబ్రవరి మూడో వారంలో మళ్లీ దించేశాం. బెంగళూరు కె.ఆర్. మార్కెట్‌కు పంపేవాడికి బరువు ముఖ్యం, దూరం పంపేవాడికి నిల్వ ముఖ్యం. ఎవరికి అమ్ముతున్నావో తెలియకుండా ఏ ఈసీ పెట్టాలో నేను చెప్పలేను.

ఖర్చు గురించి క్లుప్తంగా: పర్లైట్ వల్ల మూడో బే పెట్టుబడి ఎక్కువే అయింది. ఎక్కువ వచ్చిన కాయలు ఆ తేడాను ఒక్క పంటలో పూర్తిగా పూడ్చలేదు. తర్వాతి పంటకూ అదే మిశ్రమం వాడితేనే గిట్టుబాటు.

అందుకే పంట తీసేశాక బ్యాగులు పారేయకుండా మళ్లీ గాలి కొలిచాం. పది నెలల్లో పొట్టు నలిగి, వేర్లు నిండి, ఉత్త కోకోపీట్ 14 నుంచి 9 శాతానికి దిగింది. పర్లైట్ మిశ్రమం 22 నుంచి 17కు దిగి ఆగింది. ఉత్త కోకోపీట్ బ్యాగుల్ని విప్పి, పక్కన మల్బరీ చేనుకు ఎరువుగా పోశాం. డ్రెయిన్ నీళ్లు కూడా పైపుతో ఆ చేనుకే పోతున్నాయి. పర్లైట్ బ్యాగుల్లో పెద్ద వేళ్లు ఏరి, కాల్షియం నైట్రేట్ నీళ్లతో కడిగి, నల్ల షీటు కింద ఎండబెట్టి, పది బ్యాగులకు ఒక బ్యాగు కొత్త ముతక పొట్టు కలిపి మళ్లీ నింపాం. మట్టి బేలో అన్న ఈసారి క్యాప్సికం పెట్టలేదు. బంతి వేశాడు, బంతి వేళ్లు నులిపురుగును తగ్గిస్తాయి, పూలు దసరాకు అమ్ముడుపోతాయి.

ఆ తర్వాతి పంట నాటిన రోజు వదిన కొత్త నోట్‌బుక్కు తీసి, మొదటి పేజీలో ఆ రోజు డ్రెయిన్ ఈసీ రాసింది, 1.9. పక్కనే బ్యాగు చివర అరచేత్తో నొక్కి చూసి, ఇంకో గీత గీసి, "తడి సరి" అని రాసుకుంది.